నీ వంతు వారం ఇంకా అయిపోలేదా?

యాకుత్‌పురా, స్టేషన్ వెనక గల్లీ
తేది 12-11-2025, బుధవారం

శ్రీయుత రిటైర్డు కండక్టర్ జగదీశ్వర్ గారి సముఖానికి, అదే డిపో రిటైర్డు మెకానిక్ దుర్గయ్య నమస్కారం చేసి సొంత చేతితో రాయడం ఏమంటే:

మీరు, మీ ఇంటివాళ్ళు కుశలమని తలుస్తున్న. ఇక్కడ మేమందరం కుశలం అని రాయాల్సిన జాగా ఇది. ఆ ముక్క రాయను. అది అబద్ధం. ఎందుకు అబద్ధమో కింద వస్తుంది. ముందు నా ఫిర్యాదు చదవండి.

మన పాటల పెట్టె మీ ఇంట్లో ఉంది. అది నలుగురి పెట్టె. వారానికి ఒక ఇంట్లో ఉండాలని మనమే కాయిదా పెట్టుకున్నం. దేవదానం ఇంటి నుంచి మైసయ్య ఇంటికి, మైసయ్య ఇంటి నుంచి నా ఇంటికి, నా ఇంటి నుంచి మీ ఇంటికి. శుక్రవారం డ్యూటీలో మీరే దాన్ని బస్సులో సీటు పక్కన పెట్టుకొని తీసుకుపోయేవారు. పెట్టెకు టికెట్ ఏది అన్నా అని మైసయ్య ఎగతాళి చేస్తే, ఇది పాసు మీద తిరుగుతది అనేవారు. మీ వంతు వచ్చింది, పెట్టె మీ ఇంటికి పోయింది. ముప్పై ఏళ్ళు దాటింది. నేను అడుగుతున్న, మీ వారం ఇంకా అయిపోలేదా?

ఈ మీరు, ఈ గారు నాతో కావడం లేదు. చెయ్యి నొప్పి పెడుతోంది. ఇక నువ్వు అనే రాస్త.

ఫోను ఉండగా కాగితం ఎందుకంటవేమో. మొన్న సోమవారం నా మనుమరాలు ప్రీతి ఫోను నుంచి చేయించిన. నువ్వు ఎత్తినవు. నేను హలో అన్న. నువ్వు పెట్టేసినవు. ఒక్క హలోకే నా గొంతు గుర్తుపట్టినందుకు సంతోషం. మా మాణిక్యమ్మ పక్కనే కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తూ నవ్వింది. ఫోన్ల ఎత్తకపోతే ఇంటికి పోరాదు, బార్కస్ ఏమన్న దుబాయ్‌ల ఉన్నదా అంది. నేను పోను. అది తేలిపోయిన సంగతి. నువ్వు చెప్పు తాతా, నేను టైపు కొట్టి పంపుత అని ప్రీతి అంది. నా లొల్లి నా చేతితోనే రాస్త అన్న. ఒత్తులు తప్పితే సర్దుకొని చదువు. టికెట్ల మీద నీ చేతిరాత మేం సర్దుకొని చదవలేదా?

ఇక కుశలం ఎందుకు లేదో విను. మైసయ్యకు మాట పడిపోయింది.

బతుకమ్మ పండుగ అయిన మర్నాడు పొద్దున వాడి ఇంటామె ఆండాలు చాయ్ గ్లాసు ఇస్తే పట్టుకోలేకపోయాడు. నోరు ఒక పక్కకు పోయింది. దవాఖానాకు తీసుకుపోయినం. పాణం దక్కింది. కుడి కాలు కొంచెం కొంచెం వస్తోంది, గోడ పట్టుకొని నడుస్తున్నాడు. మనం చెప్పేదంతా అర్థమవుతుంది, జోకు వేస్తే నవ్వుతాడు, మాణిక్యమ్మను చూస్తే వదినా అన్నట్టు తల ఊపుతాడు. కానీ ఒక్క మాట రాదు. నోరు తెరుస్తాడు, గొంతు నరాలు ఉబ్బుతాయి, కండ్లలో నీళ్ళు వస్తాయి, మాట రాదు. అది చూడలేక నేను ఏదో పని ఉన్నట్టు బయటికి వచ్చేస్తున్న.

పోయిన వారం ఆండాలు బడిలో పిల్లలకు వంట చేయడానికి పోయింది. ఆ జీతం లేకపోతే వాళ్ళకు మందులు రావు. వీడు బాత్‌రూంలో జారి పడ్డాడు. మా ఇంటికి, వాళ్ళ ఇంటికి నడుమ ఒకటే గోడ అన్నది నీకు తెలుసు. ఆ గోడకు ఇవతల నేను కూర్చొని ఉన్న. జగదీశ్వర్, ఊరికే కూర్చొని ఉన్న. ఒక్క కేక వేస్తే వినపడే దూరం. వాడు వెయ్యలేకపోయాడు. ఆండాలు వచ్చి తలుపు తీసేదాకా ఆ తడి బండ మీదనే పడి ఉన్నాడు. అప్పటి నుంచి నేను గోడకు చెవి పెట్టి కూర్చుంటున్న. రైలు వస్తే చెవి ఇంకా గట్టిగా ఆనిస్తున్న, ఆ చప్పుడులో వాడు పడితే ఎట్లా అని. బువ్వ తినబుద్ధి కావడం లేదు. కొట్టమని చేతికి గంట ఇచ్చి చూసినం. గంట మంచం మీద ఉంటుంది, మనిషి బాత్‌రూంలో పడతాడు.

వాడి కొడుకు విశాల్ భువనగిరిలో ఏదో కంపెనీలో చేస్తున్నాడు. సోమవారం వచ్చి బాపును తీసుకుపోతనంటున్నాడు. పిల్లగాడు చెడ్డవాడు కాదు. నా ముందు నిలబడి ఏడ్చాడు. పెద్దబాపూ, బాపు ఒక్క కేకేసినా చాలు, ఈడనే ఉండనిస్త, నోరే రాకపోతే నేను ఆడ కూసొని ఏం ధైర్యంతోని బతకాలె అన్నాడు. అరిస్తే చాలు అన్నా, బడి నుంచి ఉరుక్కుంటొస్త అని ఆండాలు అంది. బడి గేటు నుంచి మా గల్లీ కనపడుతుంది. కేక ఒక్కటే కావాలి.

విశాల్ తీసుకుపోయే మాట చెప్పినప్పుడు మైసయ్య మంచం పక్క గోడ మీద అరచెయ్యి ఆనించి పెట్టుకున్నాడు. నా గోడ అది. తియ్యలేదు. ఈ గల్లీలోనే పుట్టినవాడు. భువనగిరిలో కొడుకు ఉండే మూడో అంతస్తులో వాడు ఎవరో ఎవరికి తెలుసు? ఒక మూగ ముసలోడు అనుకుంటారు. వీడు పాడినవాడని ఎవరు చెప్తారు?

ఇన్నేళ్ళూ నీ సంగతి నాకు, నా సంగతి నీకు మోసినవాడు మైసయ్యే. నెలకోసారి వచ్చి కూర్చొని, చాయ్ తాగి, లేచేటప్పుడు చెప్పులు వెతుక్కుంటూ అనేవాడు: దుర్గన్నా, జగదీశ్ నిన్ను అడిగిండే, దుర్గన్న ఎట్లున్నడు, మోకాలు నొప్పి తగ్గిందా అని. నువ్వు అడగలేదని నాకు తెలుసు. వాడు అబద్ధమాడితే చెవులు కదులుతాయి. నీ దగ్గరికి వచ్చి నా పేరు మీద కూడా అదే చెప్పి ఉంటాడు. నేనూ అడగలేదు, అది కూడా తెలుసుకో. కానీ ఆ అబద్ధం నెలనెలా వస్తుంటే ఒక అలవాటయింది. ఇప్పుడు దాన్ని చెప్పేవాడికి నోరు లేదు. అందుకే ఈ కాగితం.

దవాఖానాలో మాట నేర్పే డాక్టరమ్మ ఉంది. చిన్నపిల్ల, ఓపిక చాలా ఉంది. ఆమె ఆండాలుతో ఏమందంటే, మాట పోయే పెద్ద రోడ్డు బందయింది, కానీ పాట వేరే గల్లీ నుంచి వస్తుంది, కొందరికి ఆ గల్లీ తెరిచే ఉంటుంది అంది. ఈయన ఏమన్నా పాడేవాడా అని అడిగింది. ఆండాలు నా దిక్కు చూసింది. నేను కిందికి చూసిన. మొదటి నెలల్లో వచ్చిందే వచ్చింది, ఆలస్యం చేయొద్దు, ఆశ మాత్రం ఎక్కువ పెట్టుకోవద్దు అని కూడా అంది. ఆలస్యం వద్దంట, ఆశ వద్దంట. మరి మనిషి ఏం చేయాలి?

ఇంటికి వచ్చి ప్రీతిని పిలిచిన. ఆ పిల్ల రోజూ రైలులో ఆఫీసుకు పోతూ చెవుల్లో ఏదో పెట్టుకొని తల ఊపుతుంది. ఏం వింటవే అని ఎండాకాలంలో ఒకసారి అడిగిన. ఇది సోల్ అంటరు తాతా, అమెరికాల నల్లోళ్ళు నలుగురు అయిదుగురు కలిసి పాడేటోళ్ళు, మస్తుంటది, నీకు సమజ్ కాదు అంది. నాకు సమజ్ కాదంట! మీ నాయన లాగు వేసుకోకముందే నేను అవి పాడిన అంటే పడీ పడీ నవ్వింది. మైసయ్య తాతను పోయి అడుగు అన్న. పోయి అడిగి వచ్చి, నా ముందు కింద కూర్చొని, ఏది పాడు అంది. నేను పాడలేదు. నలుగురి పాట ఒక్కడు పాడితే ఏముంటది?

ఇప్పుడు ఆ పిల్లకు మన పెట్టె మీద తిరిగే పాటల ప్లేటు అట్ట గుర్తులు చెప్పిన. అయిదుగురు, అందరికీ ఆకాశం రంగు సూట్లు, మెట్ల మీద నిలబడి ఉంటారు, చివరి అతని ఒక కాలు పైమెట్టు మీద. పేరు మనకు ఎప్పుడూ తెలియదు కదా, సూటు భాయ్‌లు అనేవాళ్ళం. చాలాసేపు వెతికి ఫోనులో ఆ అట్ట తీసి నా ముందు పెట్టింది. జగదీశ్వర్, అదే అట్ట. ఆ కాలు అట్లనే ఉంది. మనం ముసలివాళ్ళమైనం, వాళ్ళు ఇంకా ఆ మెట్ల మీదనే ఉన్నారు. ఇప్పుడు మా దోస్తులు ఇవే పెద్ద ప్లేట్లు మళ్ళ కొంటున్నరు తాతా, కొత్త పాటలు వారానికే పాతబడుతున్నయి, ఇవి పాతబడతలేవు అంది.

ఎందుకు పాతబడవో నాకు తెలుసు. ఇంగ్లీషు రాదు గానీ అది తెలుసు. ఒకడు తన దుఃఖం చెప్తాడు. మిగతావాళ్ళు ఊరుకోరు. అవునన్నా, విన్నం అన్నా, ఇంకా చెప్పు అన్నా అని వెనక నుంచి అంటూనే ఉంటారు. ఒక్కడే పాడే పాటకు వినేవాడు బయట దొరకాలి. ఈ పాటల్లో వినేవాళ్ళు పాటలోనే ఉన్నారు. రేడియోలో ఒక పాట వింటే ఒక ఇంటికి పోయి వచ్చినట్టు ఉండేది. ఆ ప్లేటు మొత్తం వింటే బస్తీ మొత్తం తిరిగినట్టు ఉండేది. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే నడుమ ఆ కొంచెం గీరు చప్పుడు ఉంటుందే, అందులోనే మైసయ్య తరవాతి పాట ఎత్తుకునేవాడు.

అట్లా ఎత్తుకుంటాడని ఆశపడి ఫోను వాడి దిండు పక్కన పెట్టినం. మొదటి చప్పుడుకు పెదవి వణికింది. ఆండాలు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంతలో గొంతు మొదలయింది. అది మన పాట కాదు! సన్నటి గొంతులు, ఏదో తరుముతున్నట్టు ఉరుకుతున్నారు. మైసయ్య మొహం తిప్పుకున్నాడు. ఒక పాట అయిపోగానే ఎవరో ఆడమనిషి వచ్చి పండ్లు తోమే పేస్టు కొనమంది. నేను ఫోను మీద లొల్లి చేసిన. ఇది ఖరాబయింది, దుకాణానికి తీసుకుపో అన్న.

ప్రీతి మెల్లగా అడిగింది. తాతా, మీ పెట్టెల ప్లేటు తిప్పే బెల్టు ఎవరు ఏసిండ్రు?

ఎవరు వేశారు? జుమ్మేరాత్ బజార్‌లో పాత సామాన్ల నుంచి పెట్టెను కొని తెచ్చినప్పుడు బెల్టు తెగి ఉంది. టైరు సెక్షన్‌లో మైసయ్య బస్సు ట్యూబు కత్తిరించి సన్న పట్టీ చేశాడు, నేను బిగించిన. తిరిగింది. మనం పండుగ చేసుకున్నం. బార్కస్‌లో సాలెహ్ భాయ్, ఓడల మీద పనిచేసిన తన తమ్ముడు తెచ్చిన ప్లేటు మనకు ఇచ్చాడు, అదే పెట్టినం, ఆ ఒక్క ప్లేటునే ఏండ్లకేండ్లు విన్నం. ఇప్పుడు నా మనుమరాలు చెప్తోంది, ఆ ట్యూబు పట్టీ వదులు తాతా, అందుకే ప్లేటు మెల్లగ తిరిగింది, గొంతులు బొంగురైనయి, మీరంత అదే అసలనుకొని నేర్చుకున్నరు అని. డిపోలో బండి చప్పుడు విని రోగం చెప్పేవాడిని నేను. నా బెల్టు వదులంట. కోపంతో చెప్పులు కూడా వేసుకోకుండా స్టేషన్ దాకా పోయి వచ్చిన.

పోయి వచ్చినాక మనసు ఇట్లా అనుకుంది. తప్పయితే తప్పు. ఆ మెల్లటి పాటే మన పాట. సూటు భాయ్‌లు పాడినదాన్ని మనం మన బస్సు స్పీడుకు తెచ్చుకున్నం. మైసయ్యకు తెలిసింది అదే. వాడి తలలో ఉన్నది వాడు కోసిన పట్టీ మీద తిరిగిన పాట. ప్రీతి ఫోనులోనే మెల్లగా చేసి చూసింది. పాట మెల్లగా నడిచింది గానీ గొంతులు కిందికి దిగలేదు, మాటలు సాగదీసినట్టు ఉన్నాయి. మైసయ్య కండ్లు మూసుకున్నాడు. అందుకే అంటున్న, నాకు ఆ పెట్టె కావాలి, ఆ పట్టీతోనే కావాలి. వేరే పెట్టె పనికిరాదు. తెలిసిందా?

మన మాటలు గుర్తున్నాయా? ఇంగ్లీషు ముక్క రాక, నువ్వు ఆ రాగంలో నీ రూటు పాడేవాడివి. చార్మినార్ అని పిలిచేవాడివి, ఏదో పోగొట్టుకున్నవాడిలాగ. వెనక నుంచి మైసయ్య రైట్ రైట్ అనేవాడు. శాలిబండ అంటే మళ్ళీ రైట్ రైట్. అలియాబాద్ దగ్గర దేవదానం చర్చిలో నేర్చుకున్న ఆ పై గొంతు ఎత్తేవాడు. నేను కింద ఇంజను లాగ దుమ్ దుమ్ అంటుండేవాణ్ణి. ఇంజన్‌బౌలి వచ్చేసరికి నువ్వు ఆగేవాడివి, అందరం ఒక్కసారి బస్సు ఆపే కేక, హోల్డాన్ అనేవాళ్ళం. మేడే నాడు డిపోలో మొదటిసారి పాడితే యూనియన్ వాళ్ళు కిందపడి నవ్వారు. రెండో పాటకు నవ్వు ఆగింది. మూడో పాటకు వంటమనిషి వచ్చి గరిటె పట్టుకొని నిలబడ్డాడు. ఆ తరవాత ప్రతి ఏడూ వాళ్ళే అడిగారు, దేవదానం వాళ్ళ చర్చిలో క్రిస్మస్‌కు అడిగారు, మన గల్లీ గణేశుడి దగ్గర అడిగారు.

ఉస్మాన్‌గంజ్ సేటు ఇంట్లో పెండ్లి కూడా గుర్తుండే ఉంటుంది. నలుగురం ఇస్త్రీ బట్టల్లో పాడడానికి పోయినం. స్టేజీ మీద జాగ లేదు, పాడేవాడు ఒక్కడు చాలు, మిగతావాళ్ళు అటు నిలబడండి అని సేటు మనిషి అన్నాడు. నువ్వు మా దిక్కు చూడకుండా ఎక్కినవు. మేం ముగ్గురం వంటపొయ్యిల కాడ నిలబడ్డం. నువ్వు చార్మినార్ అని పిలిచినవు. జవాబు లేదు. మళ్ళీ పిలిచినవు. మైసయ్య ఆగలేక పొయ్యి పక్క నుంచే రైట్ రైట్ అన్నాడు. పూరీలు వేసేవాళ్ళు నవ్వారు. నేను నోరు తెరవలేదు. బయటికి వచ్చి నడుచుకుంటూ ఇంటికి పోయిన. ఆ వారం పెట్టె నీ ఇంట్లో ఉంది. అదీ నా ఫిర్యాదు. దేవదానం కరోనాలో పోయినప్పుడు సమాధి దగ్గర నువ్వు ఒక పక్క, నేను ఒక పక్క నిలబడ్డం. మాస్కులు ఉండడం మంచిదైంది. అప్పుడు కూడా నువ్వు పెట్టె సంగతి ఎత్తలేదు.

నిన్న మధ్యాహ్నం, ఆండాలు బడిలో ఉండగా, నేను మైసయ్య దగ్గర కూర్చున్న. ఎవరూ లేరు. కిటికీ వేసిన. కింద గొంతులో దుమ్ దుమ్ అని మొదలుపెట్టిన. ఇన్నేళ్ళ తరవాత నా గొంతు నాకే కొత్తగా ఉంది. జగదీశ్వర్, వాడి ఎడమ చేతి వేలు మంచం పట్టె మీద కొట్టడం మొదలుపెట్టింది. సరిగ్గా మన స్పీడుకు. ఆపలేదు, ఆపితే పోతుందేమోనని భయం. వాడు నోరు తెరిచాడు. ఈసారి నరాలు ఉబ్బలేదు. నోరు తెరిచి, ఆగాడు. చూస్తున్నాడు. వాడిది జవాబు కదా. ఎవరో పిలిస్తేనే కదా వాడి వంతు. నేనే చార్మినార్ అన్న. నా గొంతుతో అది లారీ రివర్సు వచ్చినట్టు ఉంది. వాడు నవ్వాడు, నవ్వి తల అడ్డంగా ఊపాడు. ఊపి, తలుపు దిక్కు చూశాడు.

చాలాసేపు తలుపు దిక్కే చూశాడు.

అందుకే పెట్టె పంపమంటున్న. పెట్టెలో ప్లేటు తిరిగితే పిలిచే గొంతు అదే వస్తుంది, వాడు అందుకుంటాడు. ఇంకేమీ లేదు. నువ్వు రానవసరం లేదు, ఆటోలో పంపినా చాలు. ఆండాలు గోడ కొడుతోంది, పోయి చూసి వచ్చి రాస్త.

గురువారం పొద్దున.

నిన్న సాయంత్రం ఏమైందో విను. ఆండాలు వేడి చాయ్ పెట్టి నీళ్ళ బిందె కోసం బయటికి పోయింది. మైసయ్య గ్లాసు అందుకోబోయి తొడ మీద పోసుకున్నాడు. ఆమె వచ్చేసరికి మనిషి నోరు తెరుచుకొని, కండ్లు పెద్దవి చేసుకొని కూర్చొని ఉన్నాడు, చప్పుడు లేదు. బొబ్బ లేచింది. మందు రాసినం. గోడకు చెవి పెట్టి కూర్చున్న నాకు ఏమీ వినపడలేదు. ఏముంటే వినపడుతుంది?

విశాల్‌కు ఆండాలు చెప్పకుండా ఉండలేకపోయింది. పిల్లగాడు సోమవారం దాకా ఆగను, ఆదివారం సాయంత్రమే వ్యాను తెస్త అన్నాడు. ఆండాలు బట్టలు సర్దుతోంది. బడి కొలువు మానేస్తనని చెప్పి వచ్చింది. మైసయ్య ఆ సంచీని చూస్తున్నాడు, నన్ను చూస్తున్నాడు. నాకు ఏం చేయాలో తోచక వాళ్ళ తలుపు గడియ వదులయిందని బిగించిన, అది ముందే బిగువుగా ఉంది.

ఆదివారం పొద్దున ఒక్కటే మిగిలింది. ప్రీతి ఈ కాగితం నీ చేతిలో పెట్టి వస్తుంది. ఆ పిల్ల మీద కోపం చేయకు, దానికి మన లొల్లి తెలియదు. జవాబు శనివారం పొద్దు గూకేలోపల నాకు రావాలి. పెట్టె పంపుతనో, పంపనో. నీ ఇంటిల్లిపాదినీ అడిగినట్టు చెప్పు. ఇది నేనే అడిగిన, మైసయ్య కల్పించింది కాదు.

ఇట్లు,
నీ మీద గుస్సా పోని
దుర్గయ్య

తా.క. ప్రీతి చెప్పులు వేసుకుంటోంది, తొందరగా రాస్తున్న. పెట్టె లేదని నాకు తెలుసు.

చెరువు కట్ట తెగి మీ గల్లీలో నీళ్ళొచ్చిన ఏడు, నీ ఇల్లు మునిగిందని మైసయ్య చెప్పగానే నేను వచ్చిన. పార పట్టుకొని, డిపో బూట్లు వేసుకొని, మీ గల్లీ మూల దాకా వచ్చిన. నీ సామాను అంతా రోడ్డు మీద కుప్ప పోసి ఉంది. పరుపులు, బియ్యం, టీవీ, అన్నీ బురద. నువ్వు కింద కూర్చొని పెట్టె మూత తీసి, నీ బనీను విప్పి దానితో లోపల తుడుస్తున్నవు. చెక్క ఉబ్బి విడిపోయి చేతిలోకి వస్తుంటే కూడా తుడుస్తున్నవు. మైసయ్య కోసిన ఆ ట్యూబు పట్టీ ఇంకా దానికే వేలాడుతోంది. నువ్వు దాన్ని ఎన్నడూ మార్చలేదు. నేను అక్కడే నిలబడ్డ. ఇంకొక అడుగు వేస్తే నా వల్ల అయ్యేది కాదు. పార మీ మూల ఇంటి గోడకు ఆనించి వెనక్కి పోయిన. తెల్లారి ఆ పార ఎవరిదని నువ్వు మైసయ్యను అడిగినవంట. వాడు చెప్పలేదంట.

కాబట్టి పెట్టె లేదు అని జవాబు రాయకు, ఆ జవాబు నాకు వద్దు. మైసయ్య తలుపు దిక్కు చూసింది పెట్టె కోసం కాదు. ఆదివారం పొద్దున నువ్వు రావాలి. చార్మినార్ నుంచి మొదలుపెట్టు, కింద నేను ఉంట. దేవదానం జాగ ఖాళీగా వదిలేద్దాం. రైట్ అంటవో, హోల్డాన్ అంటవో, శనివారం పొద్దు గూకేలోపల చెప్పు. నేను గోడ కాడనే కూర్చొని ఉంట.